అట్టాంటివి వచ్చినప్పుడు

సాయంత్రం ఏడు గంటల నలభై రెండు నిమిషాలకు మా ఊళ్లో టీవీలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు వచ్చాయి, అంతే. ఎవరూ వీధిలోకి రాలేదు. కేబుల్ అతనికి ఎవరూ ఫోన్ చేయలేదు. మా అమ్మ లేచి వెళ్లి పొయ్యి మీద పులుసు ఒకసారి కలిపి వచ్చింది.

"ఇంకో రెండు నిమిషాలు పడతాది. ఈలోగా నువ్వు అన్నం పెట్టుకో" అంది నాతో.

ఆపింది మా నాయన. దాదాపు మూడేళ్ల పాటు వారానికి నాలుగైదు సాయంత్రాలు ఆయన ఊరి టీవీలన్నిటినీ అలా ఆపాడు. ఇది ఏ తేదీన జరిగిందో చెప్పలేను. గోడ గడియారం వైపు చూశాను కాబట్టి టైము మాత్రం గుర్తుంది.

నాయన పోయి ఎనిమిది నెలలైంది. పెద్దకర్మకు వచ్చినవాళ్లు ఆయన సముద్రం మీద ఎంత ధైర్యంగా ఉండేవాడో చెప్పారు. నిజమే అయి ఉంటుంది. నేను ఒడ్డున పెరిగాను, ఆయన్ను సముద్రం మీద ఎప్పుడూ చూడలేదు. చూసిన సంగతి రాస్తాను.

మాది ముత్తుకూరుకు తూర్పున, చేపలు పట్టి బతికేవాళ్ల ఊరు. మగవాళ్లు తెల్లవారుజామున మూడింటికే బోట్లు దించుతారు కాబట్టి రాత్రి ఎనిమిదిన్నరకల్లా ఊరంతా పడుకుంటుంది. టీవీ చూసేది ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో, అన్నం తింటూ, ఒకే టీవీ ముందు. పిల్లలు చూడకూడనివి పొద్దుపోయాక వేయాలని ఏదో నియమం ఉందని పేపర్లో చదివాను. ఆ నియమం రాసినవాళ్లకు మా ఊరి గడియారం తెలియదు. పొద్దుపోయాక వేసినవి మేం నిద్ర లేచేసరికి ఇంకా నడుస్తూనే ఉండేవి. ఇక సాయంత్రం సీరియళ్ల సంగతి ఆ నియమానికి పట్టినట్టు లేదు.

గొడవ మా ఊరి పెద్ద ఇంట్లో మొదలైంది. ఆయన కూతుర్ని చూసుకోవడానికి తీరం వెంబడే ఇంకో ఊరి నుంచి పదిమంది వచ్చారు. టీవీలో సీరియల్ నడుస్తోంది. అందులో కొత్త దంపతుల మొదటిరాత్రి అప్పటికి నాలుగు రోజులుగా జరుగుతోంది. పాలగ్లాసు చేతులు మారడానికే రెండు రోజులు పట్టింది. సరిగ్గా చుట్టాలకు కాఫీలు ఇస్తున్నప్పుడు ఆ దంపతులు దగ్గరికి జరిగారు. ఊరి పెద్ద గాభరాగా రిమోటు అందుకుని చానల్ మార్చబోయి శబ్దం పెంచే మీట నొక్కాడు. బొమ్మ మారలేదు. శబ్దం పెరిగింది. ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంకా పెరిగింది. ఆ సీరియల్ అమ్మాయి ఊపిరి తీసుకోవడం పక్కింటి దాకా వినపడిందట. వచ్చినవాళ్లు పదిమందీ పైకప్పు వైపు చూస్తూ కాఫీ తాగారు. సంబంధం కుదిరింది. మగపిల్లవాడి తండ్రి వెళ్తూ వెళ్తూ, "మా ఇంట్లో గూడా ఇదే గోల బావా" అన్నాడట. అయినా ఊరి పెద్దకు ఆ అవమానం పోలేదు.

ఆదివారం తుఫాను షెల్టర్లో పంచాయతీ పెట్టారు. మా ఊళ్లో ఏ కట్టుబాటు పెట్టినా ఇంటికొకరు రావాలి, చెప్పుకున్నది పుస్తకంలో రాయాలి. రాసేది నేను. బళ్లో పాఠాలు చెప్తాను కాబట్టి ఆ పని నాకు పడింది.

"టీవీలో వచ్చేవి రోజురోజుకీ గబ్బుగా ఉండాయి. ఆపాల్సిందే" అన్నాడు ఊరి పెద్ద.

"ఏమేం ఆపాల?" అని ఎవరో అడిగారు.

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు సామీ. పుస్తకంలో రాయాల గదా."

"అట్టాంటివి. అట్టాంటివన్నీ ఆపాల. రాయమ్మా."

"అట్టాంటివి అంటే ఏమని రాయాలి పెదనాయనా?" అన్నాను.

"టీచరమ్మవి. నీకు తెలీనిదా?"

"ముద్దులని రాయనా?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ మాట పుస్తకంలో పడగూడదు. గుళ్లో పెట్టే పుస్తకం అది" అన్నాడు ఊరి పెద్ద.

కాబట్టి నేను రాసిన కట్టుబాటు ఇది: టీవీలో అట్టాంటివి వచ్చినప్పుడు ఆపవలెను. తర్వాత కుతూహలం కొద్దీ ప్రభుత్వం వారి నియమాలు తెచ్చుకుని చదివాను. సభ్యత, సదభిరుచి అనే మాటలు ఉన్నాయి. మా వాక్యం కంటే పొడుగ్గా ఉన్నాయి, అంతకంటే స్పష్టంగా లేవు.

కేబుల్ నడిపేది పక్క ఊరి సాయిబు గారబ్బాయి, నలభై ఏళ్లవాడు. అతను చేతులు జోడించాడు. "నా దగ్గర ఉండేది ఒకటే స్విచ్చు పెద్దాయనా. ఆపితే అన్ని చానళ్లూ ఆగిపోతాయి, ఊరంతా. ఒకటి ఆపి ఒకటి ఉంచే ఉపాయం నా దగ్గర లేదు."

"అన్నీ ఆగనీ. ప్రాణం పోదు."

"మరి కేబుల్ గదిలో కూర్చోని చూసి ఆపేది ఎవురు?"

అక్కడ చిక్కొచ్చింది. పెళ్లి కానివాణ్ణి కూర్చోబెడితే చూసి చెడిపోతాడన్నారు. పెళ్లయినవాణ్ణి కూర్చోబెడితే ఇంటికి పోయి పెళ్లానికి చెప్తాడన్నారు. ఆడవాళ్లను అడగడం ఎవరికీ తోచలేదు. ఊరి పెద్దే కూర్చోవచ్చు కదా అని ఎవరూ అనలేదు, రిమోటు సంగతి అందరికీ తెలుసు. చివరికి ఒకాయన వెనక్కి తిరిగి మా నాయన వైపు చూపించాడు.

"ఆయన్ను పెట్టండి. ఆయన నవ్వగా నేనింతవరకూ చూళ్లేదు."

నాయన వెనక వరసలో ఎందుకున్నాడో చెప్పాలి. మోకాలు పాడై ఆయన బోటు దిగి అప్పటికి రెండేళ్లు. సముద్రానికి పోనివాడు మా ఊరి పంచాయతీలో వెనక్కి జరిగి కూర్చుంటాడు. జరగమని ఎవరూ చెప్పరు. అయితే ఏ విషయమూ అతన్ని అడగరు. ఎప్పుడు వేట ఆపాలి, ఎవరి వల ఎక్కడ వేయాలి, తిరునాళ్లు ఎన్ని రోజులు చేయాలి, అన్నీ ముందు చాప మీద కూర్చున్నవాళ్లే తేలుస్తారు. నలభై ఏళ్లు ఆ చాప మీద కూర్చున్న మనిషి ఆ రెండేళ్లూ ఇంటికొచ్చి అమ్మతో ఒకటే మాట అనేవాడు. "ఈరోజు గూడా నన్నెవురూ ఏం అడగలా."

ఆ ఆదివారం ఆయన్ను ముందు చాప మీదికి పిలిచారు. "ఏం, చేస్తావా?" అని అడిగారు. చేస్తానన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో ఏమీ అనలేదు. అమ్మే అంది. "ఊళ్లో ఇంతమంది ఉండగా ముద్దులు ఆపేదానికి నువ్వే దొరికినావా?"

ఆయన దాన్ని వేట లాగే చేశాడు. ఏడుకల్లా చొక్కా మార్చుకుని షెల్టర్ వెనక కేబుల్ గదికి వెళ్లేవాడు. అక్కడ స్టూలు మీద చిన్న టీవీ, గోడకు స్విచ్చు. ఆయనకు ఒక కంటికి శుక్లం, ఆపరేషన్ చేయించుకోమంటే వాయిదా వేస్తున్నాడు. అందుకని బొమ్మ కంటే చెవిని ఎక్కువ నమ్మాడు. గాలి మారడం ముందే తెలిసినట్టు సంగీతం మారడం ఆయనకు తెలిసేది. పిల్లనగ్రోవి వస్తే చెయ్యి స్విచ్చు మీదికి పోయేది. మల్లెపూలు, పాలగ్లాసు, దీపం తగ్గించడం, ఇవి ఆయన గుర్తులు. వాన వస్తే, ఆ వానలో ఆడమనిషి ఉంటే, ఇంకేం చూడకుండా ఆపేసేవాడు. ఆ లెక్కన గొడుగుల ప్రకటన ఆగింది. వరద వార్తలు ఆగాయి. ఒకసారి సబ్బు ప్రకటన ఆపితే కేబుల్ అతను పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా, అది సబ్బు!"

"సబ్బయితే ఏంది అబ్బయ్యా. స్నానం స్నానమే గదా."

ఆయన చూసేది ఆడవాళ్ల సీరియల్ వచ్చే చానల్ ఒక్కటే. ఆగేది ఊరంతా. కాబట్టి అందరికంటే ఎక్కువ నష్టపోయింది క్రికెట్ చూసే మగవాళ్లు. ఆఖరి ఓవర్లో ఆరు పరుగులు కావాల్సి ఉండగా ఇంకో చానల్లో ఎవరో ఎవరి భుజం మీదో తల పెట్టుకుంటే మ్యాచ్ ఆగిపోయేది. కొన్నాళ్లకు మగవాళ్లే మ్యాచ్‌కు ముందు పెళ్లాలను అడగడం మొదలుపెట్టారు.

"ఏమ్మే, ఆ సీరియల్ పిల్ల మొగుడు ఊళ్లో ఉండాడా?"

"లేడు. దుబాయ్ పొయినాడు."

"ఎప్పుడొస్తాడు?"

"నాకేం తెలుసు. శుక్రవారం లోపల రాడులే."

"బతికిస్తివి."

ఇంతకంటే ముఖ్యమైన పని నాయనకు పొద్దునపూట ఉండేది. తొమ్మిదికి బోట్లు ఒడ్డుకొస్తాయి. ఆడవాళ్లు ఇసకలో వరసగా కూర్చుని చేపలు ఏరుతారు. నాయన అక్కడే ఒక పక్కన కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేవాడు. ఆయన ఆపిన నిమిషాల్లో కథ ఏమైందో ఊళ్లో చూసే వీలున్నవాడు ఆయన ఒక్కడే. స్విచ్చు ఊరికి వెళ్లే తీగను మాత్రమే ఆపుతుంది, గదిలో టీవీ నడుస్తూనే ఉంటుంది. అందుకని ఆడవాళ్లు ఆపినవాడే చెప్పాలని పట్టుబట్టారు. సెలవురోజుల్లో నేనూ అక్కడ ఉండేదాన్ని.

"మామా, రాత్రి ఏమైంది?"

"ఏముంది. ఇద్దరూ గదిలోకి పొయినారు."

"పొయ్యి?"

"కూర్చున్నారు."

"యాడ కూర్చున్నారు?"

"ఆమె కుర్చీలో. ఆయన ఇంకో కుర్చీలో."

"ఆ గదిలో మంచం ఒకటే గదా మామా ఉండేది?"

"కుర్చీలు తెప్పించినారు."

ఆడవాళ్లు చేపలు వదిలేసి నవ్వేవాళ్లు. నాయన నవ్వేవాడు కాదు. వల వైపే చూస్తూ, కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకున్నారో చెప్పేవాడు. అత్త మందులు ఎవరు తెచ్చిపెట్టాలి, చెల్లెల్ని ఏం చదివించాలి, ఇంటికి సున్నం ఎప్పుడు కొట్టాలి. మొదట్లో రెండు ముక్కలు చెప్పేవాడు. రోజులు గడిచే కొద్దీ పెద్దవయ్యాయి. టీవీలో వచ్చేదాని కంటే ఆగిపోయినదే బాగుందని ఇసకలో పేరొచ్చింది. ఇంట్లో మాట్లాడని మనిషి అక్కడ అరగంట మాట్లాడటం నేను చూశాను. రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఆయనకు కావాల్సింది అదే.

రెండో ఏడాది ఎండాకాలంలో ఒకరోజు ఆయన మూడు నిమిషాలు ఆపాడు. మర్నాడు ఇసకలో చెప్పిందేమిటంటే, ఆ మొగుడు పెళ్లాంతో, నువ్వు ఈ ఇంట్లో వేగలేవు, మనం వేరు కాపురం పెడదాం, అన్నాడని. పెద్ద కబురు. ఊళ్లో కోడళ్లు ఆ మాట పట్టుకున్నారు. ఒక ఇంట్లో కోడలు, "సీరియల్లో ఆయనే అన్నాడు, నీకేమైంది?" అని మొగుణ్ని నిలదీసింది. ఇంకో ఇంట్లో అత్త అలిగి కూతురింటికి పోయింది. అందరూ ఆ వేరు కాపురం కోసం మూడు వారాలు ఎదురుచూశారు. సీరియల్లో మాత్రం ఎవరూ సామాను సర్దలేదు.

అప్పుడు సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ పక్క ఊరి నుంచి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి నోరు విప్పింది. ఆ రోజు తను పుట్టింట్లో ఉండి మొత్తం చూసిందట.

"వేరు కాపురమా? ఆ రోజు వాళ్లేం మాట్లాడుకోలా అక్కా. ఆమె కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఆయన తీసినాడు. అంతే."

"మూడు నిమిషాలు ముల్లు తీసినాడా?"

"సీరియల్ గదా. దానికే పిల్లనగ్రోవి ఊదినారు."

మళ్లీ ఆదివారం పంచాయతీ. నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. రెండు నేరాలు: ఆపకూడనిది ఆపడం, జరగనిది చెప్పడం. నాయన ముందు చాప మీదే ఉన్నాడు. ఆ రోజు ఆ పని పోతే ఎక్కడికి వెళ్లి కూర్చోవాలో ఆయనకు తెలుసు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వెనక వరస వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

"ముల్లు తీసేది గూడా ఆపినావంట. నిజమేనా?" అన్నాడు ఊరి పెద్ద.

"నాకు తెలీదు."

"తెలీకపోవడమేంది? నువ్వే గదా చూసింది."

"చూళ్లేదు. ఆపినాక నేను గోడకు తిరుగుతా. పాట అయిపొయినాక మళ్లీ ఇటు తిరుగుతా."

"ప్రతిరోజూనా?"

"మొదటి రోజు నుంచి అంతే. పరాయి ఆడమనిషి గదిలోకి నేనెట్టా చూసేది?"

నా చేతిలో పెన్ను ఆగింది. ఆ కుర్చీలు, మందులు, సున్నం, అన్నీ వల బాగుచేస్తూ ఆయన అల్లినవే.

"మరి ఇన్నాళ్లూ చెప్పిందంతా?"

"అడిగినారు గదా" అన్నాడు నాయన.

"వేరు కాపురం ఎందుకు పెట్టించినావు?"

"ఆ పిల్ల రోజూ ఏడస్తా ఉండాది. అంత ఏడుపు వింటా గమ్మునుండే మొగుడు ఏం మొగుడు? నాకు తోచింది చెప్పినా."

అలిగిన అత్త కొడుకు లేచాడు. "నీకు తోచిందానికి మా అమ్మ ఇల్లు వదిలిపొయింది!"

"మీ అమ్మ పొయినాక నీ పెళ్లాం ఒళ్లు చేసింది, చూసుకో" అంది వెనక నుంచి ఒకావిడ. నవ్వులు. పులికాట్ అమ్మాయి మాత్రం తగ్గలేదు. "చూడందాన్ని చూసినట్టు చెప్పడం తప్పు గదా" అంది. తప్పేనని నాకూ అనిపించింది, చెప్పలేదు.

ఊరి పెద్ద ఇటూ అటూ చూసి ఇక ఏం తోచక, "ఏం చేద్దాం? నువ్వే చెప్పు" అన్నాడు నాయనతో.

నాయన ఆలోచించాడు. "మగోడు గోడకు తిరుగుతాడు. తిరక్కపోతే అదింకా తప్పు. చూసేదానికి ఆడమనిషిని పెట్టండి. స్విచ్చు నేను ఆపతా. ఎప్పుడు ఆపాలో ఆమె చెప్తాది. వేరేవాళ్ల ఆడమనిషైతే మాటొస్తాది, మా ఇంటామెను పెట్టండి."

"నాకు వేరే పని లేదా సామీ?" అంది అమ్మ. కానీ మర్నాడు ఆరున్నరకే వంట ముగించి చీర మార్చుకుంది.

అట్లా పెళ్లయిన నలభై నాలుగేళ్లకు మా అమ్మా నాయనా ఇద్దరే ఒక గదిలో కూర్చుని టీవీ చూడటం మొదలుపెట్టారు. నాయన గోడ వైపు తిరిగి, చెయ్యి స్విచ్చు మీద పెట్టి. అమ్మ తెర వైపు తిరిగి, వక్కాకు నములుతూ. నేను అన్నం తీసుకెళ్లినప్పుడు కిటికీ దగ్గర విన్నాను.

"మే, పాట మారింది. ఆపనా?"

"వొద్దు."

"ఏం జేస్తా ఉండారు?"

"మొగుడూ పెళ్లాలు. ఏం జేస్తే నీకేంది? ఉంచు."

"పిలకాయలు చూస్తారు గదా."

"వాళ్లమ్మా నాయనా ఎట్ట పోట్లాడుకుంటారో రోజూ చూస్తానే ఉండారు. ఇది గూడా చూడనీ... ఆపు! ఆపు!"

"ఏమైంది?"

"అన్నం పళ్లెం ఇసిరికొట్టినాడు చచ్చినోడు."

అమ్మ లెక్క వేరు. కౌగిలింతలు వదిలేసింది. అన్నం పారేయడం ఆపించింది. కడుపుతో ఉన్న కోడల్ని అత్త మెట్ల మీంచి తోస్తే ఆపించింది. మగవాడు పెళ్లాం మీద చెయ్యెత్తితే, దించేదాకా తీగలో ఏమీ వెళ్లలేదు. ఆ సీరియల్లో చేతులు ఎక్కువగా లేస్తాయి కాబట్టి క్రికెట్‌కు కొత్తగా వచ్చిన లాభం లేదు. ముద్దులు మాత్రం ఊరంతా వచ్చాయి. పంచాయతీలో రెండు నెలల దాకా ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎత్తాలంటే చూశానని ఒప్పుకోవాలి. ఊరి పెద్ద ఒకసారి నాయనను పక్కకు పిలిచి, "ఈ మధ్య కొంచెం వదిలేస్తా ఉండారేమో" అన్నాడు. "మీరు చూసినారా?" అని నాయన అమాయకంగానే అడిగాడు. ఊరి పెద్ద కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇసకలో కథలు మాత్రం సాగాయి. అమ్మ చూసి చెప్పినదాన్ని నాయన మర్నాడు చెప్పేవాడు. ఇప్పుడు నిజం చెప్తున్నాడు కాబట్టి ఆడవాళ్లు పెదవి విరిచారు. "ఇది బాగలేదు మామా. నువ్వు ముందు చెప్పినట్టే చెప్పు." ఆయన ఒకసారి పులికాట్ అమ్మాయి వైపు చూసేవాడు. ఆమె చేప తోక కోస్తూ, "చెప్పు మామా, నేను వినడంలా" అనేది.

తర్వాత జరిగింది అన్ని ఊళ్లలో జరిగిందే. ఒక్కొక్క ఇంట్లో ఫోన్లు పెద్దవయ్యాయి. పిల్లలు గోడ పక్కన దుప్పటి కప్పుకుని చూశారు, పెద్దవాళ్లు బోట్ల నీడన చూశారు, ఎవరు ఏం చూస్తున్నారో ఎవరికీ తెలియలేదు. ఊరి పెద్ద చేతిలో అందరికంటే పెద్ద ఫోను. కేబుల్ కనెక్షన్లు తగ్గుతూ చివరికి పద్నాలుగు ఇళ్లకు వచ్చాయి. ఆ పద్నాలుగు ఇళ్లకూ అమ్మా నాయనా రోజూ వెళ్లి కూర్చుని ఆపుతూనే ఉన్నారు. కిందటేడు ఎండాకాలంలో కేబుల్ అతను మా ఇంటికొచ్చాడు. తీగ చుట్టేస్తున్నానని చెప్పడానికి చాలాసేపు పట్టింది అతనికి.

"స్విచ్చు తీసేస్తావా?" అన్నాడు నాయన.

"తీసేయాల్సిందే పెద్దాయనా. మీకు కావాలంటే ఇస్తా."

"నేనేం జేసుకుంటా."

ఆ తర్వాత పంచాయతీకి వెళ్లినప్పుడు నాయన తనంతట తనే వెనక వరసలో కూర్చున్నాడు. ముందుకు రమ్మని ఊరి పెద్ద పిలిచాడు, ఆయన చెయ్యూపాడు. పొద్దునపూట మాత్రం వల పట్టుకుని ఇసకలోకి వెళ్లేవాడు. ఆడవాళ్లలో ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు కొన్నాళ్లు, "మామా, ఏమైంది?" అని అడిగారు. ఆపింది ఏదీ లేకపోయినా ఆయన చెప్పాడు. ఆ దంపతులు చివరికి వేరు కాపురం పెట్టారు, రెండు కుర్చీలు కొనుక్కున్నారు, ఆ పిల్ల ఏడుపు మానేసింది. సీరియల్ అప్పటికే అయిపోయింది, అందులో అలా జరగలేదు. పులికాట్ అమ్మాయి కాదనలేదు.

కార్తీకంలో ఆయనకు జ్వరం వచ్చింది, తొమ్మిదో రోజున పోయాడు.

అమ్మకు నేను ఫోన్ కొనిచ్చాను. చూస్తుంది. తనకు నచ్చనిది వస్తే వేలితో పైకి తోసేస్తుంది. ఇసకలో ఇప్పుడు ఆడవాళ్లు ఫోను ఎదురుగా గంపకు ఆనించి పెట్టుకుని చేపలు ఏరుతారు, ఎవరి ఫోన్లో ఎవరి కథ వారిది. రాత్రి ఏమైందని ఎవరూ ఎవర్నీ అడగడం లేదు.